మా తరువాత ఎవరు చూస్తారు?
గ్రూప్ హోమ్, సపోర్టెడ్ లివింగ్: మంచిదేదో ఎలా తెలుసుకోవాలి

మన గుడికి వచ్చే కుటుంబాలలో మేధో వైకల్యం, ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు గలవారు మనకు కనిపించేదానికంటే ఎక్కువమందే ఉన్నారు. కనిపించకపోవడానికి కారణాలున్నాయి. గంటల మోత, పండుగ రోజుల జనం ఆ పిల్లలకు పడకపోవడం ఒకటి. పదిమందిలో ఎవరేమంటారోనన్న జంకు ఇంకొకటి. 1990లలో, 2000 తరువాతి తొలి ఏళ్ళలో ఉద్యోగాల మీద న్యూజెర్సీ వచ్చి స్థిరపడిన తరానికి ఇప్పుడు యాభై అయిదు, అరవై ఏళ్ళు వస్తున్నాయి. వాళ్ళ పిల్లలు బడి దాటిపోయారు. ఆ ఇళ్ళలో తల్లిదండ్రులు పైకి అన్నా అనకపోయినా లోపల తిరిగే ప్రశ్న ఒక్కటే: మా తరువాత వీణ్ణి ఎవరు చూస్తారు?

ఇండియాలో అయితే అన్నయ్యో, పిన్నో, మేనమామో చూస్తారని అనుకునేవాళ్ళం. అక్కడ కూడా ఆ ధీమా పలచబడింది. తల్లిదండ్రులు పోయాక ఈ బిడ్డల సంరక్షణ ఎలా అన్న బెంగను దృష్టిలో పెట్టుకునే 1999లో మన పార్లమెంటు నేషనల్ ట్రస్ట్ చట్టం చేసింది. ఇక్కడ ఆ ప్రశ్నకు ఎక్కువగా దొరికే సమాధానం, ప్రభుత్వం డబ్బు ఇస్తే ఏదో ఒక ఏజెన్సీ మనుషుల్ని పెట్టి నడిపే ఇల్లు. ఆ ఇల్లు మంచిదో కాదో ఎలా తెలుస్తుంది అన్నదే ఈ వ్యాసం. కొత్త కార్పెట్, నున్నటి గోడలు, గోడ మీద లైసెన్సు చూసి నిర్ణయించుకునే విషయం కాదిది. ఆ ఇంట్లో రోజువారీ నిర్ణయాలు ఎవరివి, బిడ్డను ఎరిగిన మనిషి ఎంతకాలం అక్కడ నిలుస్తాడు, బయటినుంచి ఎవరు వచ్చి చూస్తున్నారు అన్నవే అసలు సంగతులు.

ఈ ఇళ్ళు ఎక్కడినుంచి వచ్చాయి

మనకు దగ్గరలోనే, స్టాటెన్ ఐలాండ్‌లో విల్లోబ్రూక్ స్టేట్ స్కూల్ అని ఉండేది. పేరుకు స్కూలే గాని, మేధో వైకల్యం ఉన్న పిల్లల్ని, పెద్దల్ని ఊరికి దూరంగా ఉంచే పెద్ద సంస్థ. నాలుగు వేల మందికని కట్టిన చోట 1965 నాటికి ఆరు వేలకు పైగా ఉన్నారు. ఆ ఏడు సెనేటర్ రాబర్ట్ కెన్నెడీ లోపలికి వెళ్ళి చూసి, దాన్ని పాముల గుంతతో పోల్చారు. అయినా పెద్దగా మారిందేమీ లేదు. 1972లో టీవీ విలేకరి జెరాల్డో రివేరా కెమెరాతో లోపలికి వెళ్ళి, బట్టలు లేకుండా, చూసే దిక్కు లేకుండా నేలమీద పడి ఉన్న పిల్లల్ని చూపించాక దేశం ఉలిక్కిపడింది. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1975లో కోర్టు ఎదుట ఒప్పందం కుదిరి, మనుషుల్ని చిన్న చిన్న ఇళ్ళకు తరలించడం మొదలైంది. 1987లో విల్లోబ్రూక్ మూతపడింది. ఇప్పుడు ఆ స్థలంలో కాలేజ్ ఆఫ్ స్టాటెన్ ఐలాండ్ ఉంది. మన పిల్లల్లో ఎవరైనా అక్కడ చదివి ఉంటే, నడిచింది ఆ నేల మీదే.

న్యూజెర్సీలోనూ ఇలాంటివి ఉండేవి. ఎడిసన్, ఐజలిన్ వైపు తిరిగే మనవాళ్ళకు వుడ్‌బ్రిడ్జి తెలియనిది కాదు. అక్కడి డెవలప్‌మెంటల్ సెంటర్ 2015లో మూతపడింది. దానికి కాస్త ముందు టోటోవాలో ఉన్నది మూసేశారు. రాష్ట్రంలో ఇంకా అయిదు మిగిలి ఉన్నాయి.

చట్టపరంగా దారి మార్చింది 1999 జూన్ 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఓల్మ్‌స్టెడ్ తీర్పు. జార్జియాలో లోయిస్ కర్టిస్, ఎలెయిన్ విల్సన్ అనే ఇద్దరు మహిళలను, బయట బతకగలరని వైద్యులే చెప్పినా, ఆసుపత్రిలోనే ఉంచేశారు. అలా అనవసరంగా విడదీసి ఉంచడం 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వివక్షేనని జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ తీర్పు రాశారు. బయటికి వచ్చాక లోయిస్ కర్టిస్ చిత్రకారిణి అయ్యారు. 2011లో వైట్‌హౌస్‌కు వెళ్ళి తాను వేసిన బొమ్మను అధ్యక్షుడు ఒబామాకు ఇచ్చారు. 2022లో కన్నుమూశారు.

ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. పెద్ద సంస్థ మూసి నలుగురుండే ఇల్లు తెరిచినంత మాత్రాన పాత అలవాట్లు పోవు. నలుగురే ఉన్న ఇంట్లో కూడా విల్లోబ్రూక్ పద్ధతి నడవగలదు. అందరికీ ఒకే వేళకు తిండి, ఒకే వేళకు పడక, ఎవరూ వచ్చి చూడరు.

రెండు రకాల ఇళ్ళు, డబ్బు సంగతి

గ్రూప్ హోమ్ అంటే ఇల్లు, సిబ్బంది రెండూ ఏజెన్సీవే. రాష్ట్రం లైసెన్సు ఇస్తుంది, తనిఖీ చేస్తుంది. సాధారణంగా ముగ్గురో నలుగురో కలిసి ఉంటారు, ఇరవై నాలుగు గంటలూ ఎవరో ఒకరు ఉంటారు. సపోర్టెడ్ లివింగ్‌లో ఇల్లు వేరు, సాయం వేరు. అద్దె ఒప్పందం బిడ్డ పేరు మీద ఉంటుంది, లేదా ఇల్లు కుటుంబం కొనిపెట్టిందై ఉంటుంది. అవసరమైనన్ని గంటలు సిబ్బంది వచ్చి వెళతారు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది, కానీ చాలా పెద్దది. సిబ్బంది నచ్చకపోతే ఏజెన్సీని మార్చుకోవచ్చు, ఇల్లు వదలక్కర్లేదు. గ్రూప్ హోమ్‌లో ఏజెన్సీతో పేచీ వస్తే, పోయేది ఇల్లే. తల్లిదండ్రులు ఫిర్యాదు చేయడానికి వెనకాడేది కూడా అందుకే.

డబ్బు ఎక్కువగా మెడికెయిడ్‌ది. సీనియర్ల మెడికేర్‌తో దీన్ని కలిపేసుకోకండి. నర్సింగ్ హోమ్ ఖర్చు మెడికెయిడ్ ఇచ్చి తీరాలి. ఇంటి దగ్గర, ఊళ్ళో ఇచ్చే సేవలు మాత్రం రాష్ట్రాలు తమ ఇష్టం మీద, వైవర్ అనే అనుమతి తీసుకుని ఇచ్చేవి. 1981 నుంచి ఉన్న పద్ధతి ఇది. ఇష్టం మీద ఇచ్చేవి కాబట్టి లెక్కకు పరిమితి ఉంటుంది, వరుస ఉంటుంది. 2024లో దేశం మొత్తం మీద ఏడు లక్షలకు పైగా ఇలాంటి వరుసల్లో ఉన్నారు. టెక్సాస్‌లో పదేళ్ళు దాటి ఎదురుచూసేవారున్నారు. న్యూజెర్సీలో సపోర్ట్స్ ప్రోగ్రామ్ అనే చిన్నదానికి వరుస లేదు. రోజంతా ఇంట్లో సాయం కావలసినవారికి పనికివచ్చే కమ్యూనిటీ కేర్ ప్రోగ్రామ్‌కు మాత్రం ఉంది.

మనవాళ్ళు చాలామంది గమనించని సంగతి ఇంకొకటి. వైవర్ డబ్బు సిబ్బందికే. అద్దెకు, తిండికి మెడికెయిడ్ ఇవ్వదు. అవి బిడ్డకు వచ్చే ఎస్‌ఎస్‌ఐ నుంచి, హౌసింగ్ వౌచర్ నుంచి రావాలి. ఫెడరల్ ఎస్‌ఎస్‌ఐ 2025లో ఒంటరి మనిషికి గరిష్ఠంగా నెలకు 967 డాలర్లు. ఆ డబ్బుతో మన ఊళ్ళలో గది అద్దె కూడా రాదని వేరే చెప్పక్కర్లేదు.

తలుపు గడియ, ఫ్రిజ్ తలుపు

2014లో ఫెడరల్ ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది. వైవర్ డబ్బు తీసుకునే ఇళ్ళన్నీ 2023 మార్చి 17 నాటికి దానికి లోబడి తీరాలని గడువు పెట్టింది. చదివితే ఇందులో ఏముంది, మామూలు ఇల్లే కదా అనిపిస్తుంది. గది తలుపుకు గడియ ఉండాలి. గదిలో ఎవరితో ఉండాలో తనకు ఎంపిక ఉండాలి. గది తన ఇష్టం వచ్చినట్టు అలంకరించుకోవచ్చు. ఆకలేసినప్పుడు తినడానికి ఏదైనా దొరకాలి. చుట్టాలు, స్నేహితులు ఏ వేళకైనా రావచ్చు. తన రోజు ఎలా గడవాలో తనే నిర్ణయించుకోవచ్చు. అద్దెకుండేవారికి ఉండే రక్షణ తనకూ ఉండాలి, పొమ్మనగానే పోవలసిన పని లేదు.

వీటిలో దేన్నైనా తగ్గించాలంటే ఊరికే కుదరదు. ఉదాహరణకు ప్రేడర్-విల్లీ సిండ్రోమ్ ఉన్నవారికి ఆకలి తీరదు, ఫ్రిజ్‌కు తాళం వేయవలసి రావచ్చు. అప్పుడు కూడా ఆ అవసరం ఎందుకొచ్చింది, అంతకుముందు ఏమేం ప్రయత్నించారు, ఎప్పుడు మళ్ళీ పరిశీలిస్తారు అన్నది ఆ వ్యక్తి ప్రణాళికలో రాయాలి. ఒకరి కోసం వేసిన తాళం మిగతా ముగ్గురి తిండికీ తాళం కాకూడదు. కాబట్టి ఏ ఇంట్లోనైనా తాళం కనిపిస్తే, ఇది ఎవరి కోసం, ఎక్కడ రాసి ఉంది అని అడగండి. తడుముకుంటే సమాధానం దొరికినట్టే.

నిలిచే మనిషి

బిడ్డకు స్నానం చేయించేది, మందులిచ్చేది, బండిలో పార్కుకు తీసుకెళ్ళేది డీఎస్‌పీ అని పిలిచే సిబ్బంది. ఏజెన్సీ డైరెక్టరు ఎంత తీయగా మాట్లాడినా, మన బిడ్డ బతుకు ఈ మనిషి చేతిలో ఉంటుంది. దేశం మొత్తం మీద ఈ ఉద్యోగాల్లో ఏడాదికి నూటికి సుమారు నలభై మంది మారిపోతున్నారు. జీతం తక్కువ, బాధ్యత ఎక్కువ. గోదాములో పెట్టెలు సర్దినా ఇంతే వస్తుందంటే ఎవరు నిలుస్తారు? మనిషి రాని రోజు ఉన్నవాళ్ళే రెండు షిఫ్టులు కలిపి పదహారు గంటలు చేస్తారు. అలిసిన మనిషికి ఓపిక ఉండదు. పొరపాట్లు అక్కడే మొదలవుతాయి.

మాటలు రాని అబ్బాయి ఒకడున్నాడనుకుందాం. రెండు రోజులుగా తలను గోడకు కొట్టుకుంటున్నాడు. మూడేళ్ళుగా ఎరిగిన మనిషైతే పంటి నొప్పి అని పోల్చుకుని డెంటిస్టు దగ్గరికి తీసుకెళతాడు. మొన్న చేరిన మనిషైతే బిహేవియర్ అని రాసుకుంటాడు. ఆ రాత సైకియాట్రిస్టు దాకా వెళ్ళి, కొత్త మందు వస్తుంది. పన్ను అలాగే ఉంటుంది. అందుకే ఏజెన్సీని మొదట అడగవలసిన ప్రశ్న ఈ ఇంట్లో పనిచేసేవాళ్ళు ఎన్నాళ్ళుగా ఉన్నారు అన్నదే. ఏజెన్సీ మొత్తానికి కాదు, ఈ ఇంట్లో.

ఇంగ్లండ్‌లో కెంట్ విశ్వవిద్యాలయంలో జిమ్ మాన్సెల్, ఆయన సహచరులు ఏళ్ళ తరబడి ఇలాంటి ఇళ్ళను పరిశీలించారు. వాళ్ళు ప్రచారం చేసిన పద్ధతిని యాక్టివ్ సపోర్ట్ అంటారు. సంగతి సులువే: పని అతనికి చేసిపెట్టకండి, అతనితో కలిసి చేయండి. చొక్కా గుండీలు పెట్టడంలో చివరి గుండీ ఒక్కటే అతను పెట్టగలిగితే, ఆ ఒక్కటీ అతన్నే పెట్టనివ్వాలి. మనం, మన అమ్మలు దీనికి పూర్తిగా విరుద్ధం. ప్రేమతోనే, ఇరవై ఏళ్ళ కొడుక్కి అన్నం కలిపి నోట్లో పెడతాం. రేపు ఎవరూ పెట్టని రోజు వస్తుందని తెలిసీ పెడతాం.

ఇంకొక మాట, కాస్త చేదుగా ఉన్నా చెప్పాలి. ఈ సిబ్బందిలో చాలామంది పశ్చిమ ఆఫ్రికా నుంచి, హైతీ నుంచి, కరీబియన్ దీవుల నుంచి మనలాగే వలస వచ్చినవారు. మనలో కొందరు వాళ్ళతో ఇండియాలో ఇంటి పనివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడతారు. పేరు పెట్టి పిలిచి, నమస్కారం పెట్టి, పండక్కి వాళ్ళకూ ఒక డబ్బా మిఠాయి ఇచ్చే కుటుంబానికి సిబ్బంది నిజం చెబుతారు. కసురుకునే కుటుంబానికి అంతా బాగుందనే చెబుతారు.

ప్రాణం మీదికి వచ్చేవి

మేధో వైకల్యం ఉన్నవారి విషయంలో వైద్యులు, నర్సులు ముఖ్యంగా అయిదు ప్రమాదాల గురించి హెచ్చరిస్తారు. ఆహారం గొంతుకు అడ్డుపడటం లేదా ఊపిరితిత్తుల్లోకి పోవడం, ఒంట్లో నీరు తగ్గిపోవడం, మలబద్ధకం ముదిరి పేగులు మూసుకుపోవడం, ఫిట్స్, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి సెప్సిస్ కావడం. ఈ అయిదూ ముందే కనిపెడితే చాలావరకు ఆపగలిగినవి. మలబద్ధకంతో ప్రాణం పోవడమేమిటని నవ్వకండి. కడుపునొప్పి అని చెప్పలేని మనిషికి, పైగా మలబద్ధకం తెచ్చే మందులు వాడే మనిషికి, అది నిజంగానే ప్రాణాంతకం. మంచి ఇంట్లో ఎన్నిసార్లు విరేచనమైంది, ఎంత నీళ్ళు తాగాడు అన్నవి రాసుకుంటారు. ఆ పుస్తకం చూపించమని అడగడంలో సిగ్గేమీ లేదు.

న్యూజెర్సీలో రెండు చట్టాలకు ఇద్దరు బిడ్డల పేర్లున్నాయి. డేనియల్ గ్రస్కిన్ 2002లో గ్రూప్ హోమ్‌లో జబ్బుపడితే సిబ్బంది సమయానికి 911 పిలవలేదు, ఆమె చనిపోయింది. మరుసటి ఏడు వచ్చిన డేనియల్స్ లా ప్రకారం ప్రాణాపాయం కనిపించిన క్షణంలో అక్కడున్న సిబ్బందే 911 పిలవాలి. సూపర్‌వైజరును అడిగి పిలుస్తాననడం కుదరదు. పిలవకపోతే మొదటిసారికే అయిదు వేల డాలర్ల జరిమానా. స్టీఫెన్ కొమ్నినోస్ 2007లో సంరక్షణలో ఉండగా ఆహారం గొంతుకు అడ్డుపడి మరణించాడు. అతని తల్లిదండ్రులు పదేళ్ళు తిరిగితే 2017లో చట్టం వచ్చింది. రాష్ట్ర అధికారులు చెప్పకుండా వచ్చి ఇళ్ళను తనిఖీ చేయాలి, బిడ్డకు గాయమైతే రెండు గంటల్లోపు గార్డియన్‌కు కబురు చేయాలి, సిబ్బందికి మాదకద్రవ్యాల పరీక్ష చేయాలి అన్నవి అందులో ముఖ్యమైనవి.

చట్టం ఉంది కదా అని నిశ్చింతగా ఉండే వీలు లేదు. 2018 జనవరిలో ఫెడరల్ ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం, మరి రెండు విభాగాలు కలిసి గ్రూప్ హోమ్‌ల మీద నివేదిక ఇచ్చాయి. కనెక్టికట్, మసాచుసెట్స్, మెయిన్ రాష్ట్రాల లెక్కలు తీస్తే, ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళవలసి వచ్చిన ఘటనలు చాలావరకు, చెప్పవలసిన అధికారులకు చెప్పనే లేదని తేలింది.

ఇల్లు చూడబోయినప్పుడు

ఏజెన్సీ పిలిచిన వేళకు ఒకసారి వెళ్ళండి. తరువాత శనివారం సాయంత్రం ఆరు గంటలకు మళ్ళీ వెళ్ళండి. వారం మధ్యలో పగటిపూట ఏ ఇల్లైనా బాగానే ఉంటుంది. అందరూ డే ప్రోగ్రామ్‌లో ఉంటారు, ఇల్లు తుడిచి ఉంటుంది. శనివారం సాయంత్రం టీవీ రిమోట్ ఎవరి చేతిలో ఉందో చూడండి. సిబ్బంది గదిలోకి వెళ్ళేముందు తలుపు తడుతున్నారా? అతనితో మాట్లాడుతున్నారా, అతని తల మీదుగా మీతో మాట్లాడుతున్నారా? ఫ్రిజ్ తెరవండి. పోయిన వారాంతం వీళ్ళు ఎక్కడికి వెళ్ళారని అడగండి. ప్రణాళికలో బౌలింగ్, సినిమా అని రాసి ఉండి, నిజానికి నలుగురినీ వ్యానులో ఎక్కించి డ్రైవ్-త్రూలో కాఫీ కొని తిరిగి రావడమే బయటికి వెళ్ళడం అయితే, అది రెండు ప్రశ్నలకే తెలిసిపోతుంది. రాత్రి ఉండే మనిషి మేలుకుని ఉంటాడా, పడుకుంటాడా? ఆసుపత్రిలో చేరితే పక్కన ఎవరుంటారు? మాటలు రాని బిడ్డను ఆసుపత్రిలో ఒంటరిగా వదలడం చాలా ప్రమాదం. దీనికి సమాధానం ముందే రాసి పెట్టించుకోండి.

ప్రతి బిడ్డకూ సపోర్ట్ కోఆర్డినేటర్ అని ఒకరుంటారు. ప్రణాళిక రాసేది వారే. నెలకోసారి మాట్లాడాలి, మూడు నెలలకోసారి ఎదురుగా కలవాలి. కొందరు ప్రాణం పెట్టి చేస్తారు. కొందరు పోయిన ఏడాది ప్రణాళికలో తేదీ మార్చి సంతకం పెట్టమంటారు. రెండో రకమైతే మార్చుకునే హక్కు మీకుంది. ఇవన్నీ అయ్యాక కూడా తేలని గొడవలకు ప్రతి రాష్ట్రంలోనూ ఫెడరల్ చట్టం కింద ఏర్పడిన హక్కుల రక్షణ సంస్థ ఉంటుంది. మనకు అది డిసెబిలిటీ రైట్స్ న్యూజెర్సీ.

పెరుగన్నం, తెలుగు మాట, ప్రసాదం

మన పిల్లలకు వచ్చిన నాలుగు మాటలూ తెలుగే అయితే, ఆ ఇంట్లో ఎవరికి అర్థమవుతాయి? "బువ్వ", "ఉచ్చ", "అబ్బు", "నొప్పి" అన్న మాటలు సిబ్బందికి ఊరికే చప్పుళ్ళు. అందుకని ఒక కాగితం రాయండి. ఒక్కటే కాగితం, పది పేజీలైతే ఎవరూ చదవరు. అతని మాటలు, వాటి అర్థం, ఇంగ్లీషు ఉచ్చారణలో. నొప్పి వస్తే ఏం చేస్తాడు. దేనికి భయపడతాడు. ఏ పాటకు శాంతిస్తాడు, వేంకటేశ్వర సుప్రభాతమైతే అదే రాయండి. దానికి ఒక ఫోటో అతికించి ఫ్రిజ్ మీద పెట్టించండి. ఆసుపత్రి సంచిలో ఇంకొకటి పెట్టించండి.

శాకాహారం సంగతి ప్రణాళికలోనే రాయించాలి. వెజిటేరియన్ అన్న ఒక్క మాట చాలదు. చికెన్ ముక్కలు ఏరేసిన సూప్ వెజిటేరియనే అనుకునేవారు ఉన్నారు, వాళ్ళలో దురుద్దేశం ఏమీ లేదు. గుడ్డు తింటాడా, తినడా, జెలటిన్ ఉన్న మాత్ర ఫర్వాలేదా అన్నదాకా రాయండి. రైస్ కుక్కర్ ఒకటి కొనిచ్చి, అన్నంలో పెరుగు కలపడం ఒక ఆదివారం వెళ్ళి చూపించండి. వారానికి రెండు డబ్బాల పప్పు ఫ్రీజరులో పెట్టి వచ్చే తల్లులున్నారు. తిథుల ప్రకారం ఉపవాసం చేయించేవారు మాత్రం ముందు డాక్టరును అడగాలి. ఫిట్స్ మందులు, షుగరు మందులు వాడేవారికి తిండి, నీళ్ళు తప్పడం మంచిది కాదు.

గుడిలో వడ్డించే వాలంటీర్లకు ఒక విన్నపం. గ్రూప్ హోమ్ సిబ్బందితో ఎవరైనా వస్తే, ప్రసాదం చేతిలో పెట్టేముందు ఒక్కసారి అడగండి. జీడిపప్పు ఉన్న లడ్డూ, వేరుశనగ పలుకులున్న పులిహోర గొంతుకు అడ్డుపడే బిడ్డలున్నారు. వాళ్ళకు మెత్తగా చేసిన తిండే పెట్టాలి. పాయసం కూడా కొందరికి చిక్కగా చేసే ఇవ్వాలి. సిబ్బంది వద్దంటే కాదని బలవంతం చేయకండి, దేవుడు ఏమీ అనుకోడు. అలాగే పూర్వజన్మ ఫలం అన్న మాట ఆ తల్లి ఎదుట అనవద్దు. ఆమె ఆ మాట ఈపాటికి వందసార్లు విని ఉంటుంది.

చూడటానికి ఎవరైనా వచ్చే ఇంటికీ, ఎవరూ రాని ఇంటికీ తేడా సిబ్బంది నడవడిలోనే తెలుస్తుంది. తల్లిదండ్రులు పోయినా, ఇండియా వెళ్ళిపోయినా, తోబుట్టువులు కాలిఫోర్నియాలో ఉన్నా, నెలకోసారి గుడి తరఫున ఇద్దరు వెళ్ళి అరగంట కూర్చుని వస్తే చాలు. మాట్లాడటం రాకపోయినా ఫర్వాలేదు. పండు ఇచ్చి, పక్కన కూర్చుని, ఇల్లు ఎలా ఉందో చూసి రావడమే. కుటుంబం, గార్డియన్ ముందుగా ఒప్పుకుని, ఆ పేర్లు ప్రణాళికలో రాయిస్తే మంచిది. పెళ్ళిళ్ళకు, బారసాలలకు వంద మైళ్ళు వెళ్ళే మనవాళ్ళకు ఇది పెద్ద దూరం కాదు.

ఏ వయసుకు ఏం చేయాలి

బిడ్డకు 18 నిండిన రోజున చట్టం దృష్టిలో అతను పెద్దవాడు. డాక్టరు మీతో మాట్లాడనవసరం లేదు. అంతకుముందే గార్డియన్‌షిప్ కావాలో, లేక నిర్ణయాలలో తోడుండే సపోర్టెడ్ డెసిషన్ మేకింగ్ సరిపోతుందో ఆలోచించుకోవాలి. అన్నిటికీ గార్డియన్‌షిప్పే మందని అనుకోవద్దు, అది బిడ్డ హక్కుల్ని కోర్టు ద్వారా తీసుకోవడం. 18 నిండాక ఎస్‌ఎస్‌ఐకి తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకి రాదు, కాబట్టి మంచి జీతాలున్నవారి పిల్లలకూ అర్హత రావచ్చు. దానితో మెడికెయిడ్ వస్తుంది. మెడికెయిడ్ లేనిదే రాష్ట్ర సేవలు లేవు. రాష్ట్ర డెవలప్‌మెంటల్ డిసెబిలిటీస్ విభాగానికి 18లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు, సేవలు 21 నుంచి మొదలవుతాయి. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్న బిడ్డలకు ఎస్‌ఎస్‌ఐ, మెడికెయిడ్ నిబంధనలు కఠినంగా ఉంటాయి. వీసా మీద ఉన్నవారికి దారి దాదాపు మూసినట్టే. పౌరసత్వం తీసుకునే వీలుండీ వాయిదా వేస్తున్న కుటుంబాలు ఇది ఆలోచించాలి.

కమ్యూనిటీ కేర్ ప్రోగ్రామ్ వరుసలో తల్లిదండ్రులిద్దరికీ 55 దాటితే ప్రాధాన్యం వర్గంలోకి వస్తారు. అమెరికాలో మేధో వైకల్యం ఉన్న పెద్దల్లో ఎక్కువమంది కుటుంబంతోనే ఉంటున్నారు, మనవాళ్ళలో ఇంకా ఎక్కువ. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ మనమే చూసుకుందామనుకోవడం సహజం. కానీ వరుసలో పేరు రాయించుకున్నంత మాత్రాన బిడ్డను పంపేసినట్టు కాదు. తండ్రికి గుండెపోటు వచ్చిన రాత్రి ఎమర్జెన్సీ కింద దొరికేది ఎక్కడ మంచం ఖాళీ ఉంటే అక్కడ, గంటన్నర దూరంలోనైనా సరే. మీరు బతికుండగా, ఓపికగా పది ఇళ్ళు చూసి ఎంచి, మొదట వారాంతాలు, తరువాత వారం, అలా అలవాటు చేసిన ఇల్లు వేరు.

చివరగా ఆస్తి సంగతి. ఎస్‌ఎస్‌ఐ తీసుకునే మనిషి పేరు మీద 2,000 డాలర్లకు మించి ఉండకూడదు. ఆ అంకె 1989 నుంచి మారలేదు. ఇండియాలో ఉన్న అమ్మమ్మ ప్రేమకొద్దీ మనవడి పేరు మీద గుంటూరులో స్థలం రాసినా, తాతగారు ఫిక్సెడ్ డిపాజిట్ వేసినా, అది లెక్కలోకి రావచ్చు, ఎస్‌ఎస్‌ఐ, దానితో మెడికెయిడ్ పోవచ్చు. బిడ్డకు ఏదైనా ఇవ్వదలిస్తే స్పెషల్ నీడ్స్ ట్రస్టు ద్వారా గాని, 2014 చట్టంతో వచ్చిన ఏబుల్ ఖాతా ద్వారా గాని ఇవ్వాలి. ఏబుల్ ఖాతాకు వైకల్యం 26 ఏళ్ళలోపు మొదలై ఉండాలన్న షరతును 2026 జనవరి నుంచి 46 ఏళ్ళకు పెంచారు. ట్రస్టు రాయడానికి మామూలు విల్లు రాసే లాయరు చాలడు, ఈ పని మీదే ఉండే లాయరు కావాలి. ఇండియాలో పెద్దవాళ్ళు వీలునామా రాస్తున్నారని తెలిస్తే, వాళ్ళు సంతకం పెట్టకముందే ఫోను చేసి చెప్పండి.